స్ట్రోకు ఎక్కడ పోయింది?

2020 సెప్టెంబరులో న్యూయార్క్ శివార్లలోని వింగ్డ్ ఫుట్ మైదానంలో యూఎస్ ఓపెన్ జరిగింది. నాలుగు రోజుల ఆటను పార్ కంటే తక్కువ స్ట్రోకుల్లో ముగించినవాడు ఒక్కడే, బ్రైసన్ డీషాంబో. మొత్తం 274, పార్‌కు ఆరు తక్కువ. రెండో స్థానంలో ఉన్న మాథ్యూ వుల్ఫ్ అతడికి ఆరు స్ట్రోకులు వెనకబడ్డాడు. అయితే ఆ వారమంతా కలిపి డీషాంబో టీ మీద నుంచి కొట్టిన బంతి ఫెయిర్‌వేలో ఆగింది 56 సార్లకు 23 సార్లే. మిగిలిన 33 సార్లూ రఫ్‌లోనో బంకర్‌లోనో తేలింది. ముందు బంతిని ఫెయిర్‌వేలో పెట్టడం నేర్చుకోమని తరతరాలుగా చెబుతూ వచ్చిన కోచ్‌లకు ఈ లెక్క అంత సులువుగా మింగుడుపడలేదు.

ఆ ఒక్క వారాన్ని చూసి ఫెయిర్‌వేతో పనే లేదనుకుంటే పొరపాటు. ఆ మైదానంలో ఫెయిర్‌వేలు ఇరుకు, పక్కన గడ్డి దట్టం. అక్కడ బంతిని నిలకడగా నడిమధ్యన నిలపగలిగినవాళ్లే తక్కువ. అందరూ రఫ్‌లో పడుతున్నప్పుడు, అందరికంటే ముందుకు వెళ్లి పడ్డవాడికి గ్రీన్ దగ్గరవుతుంది, చేతిలోకి పొట్టి ఐరన్ వస్తుంది. ‘ఫెయిర్‌వేలు 56లో 23’ అన్న అంకెలో ఈ సంగతి ఎక్కడా కనిపించదు. అంకె అబద్ధం చెప్పలేదు గాని, అడగాల్సిన ప్రశ్నకు జవాబూ చెప్పలేదు.

ఆ ప్రశ్న ఛాంపియన్‌లకే పరిమితం కాదు. గోల్కొండ కోట పక్కన హైదరాబాద్ గోల్ఫ్ అసోసియేషన్ మైదానంలోనో, విశాఖ ఈస్ట్ పాయింట్ క్లబ్‌లోనో ఆదివారం పొద్దున్నే ఆడి 94తో బయటికొచ్చే ఆటగాడిదీ అదే ప్రశ్న. 72 పార్ ఉన్న మైదానంలో 94 అంటే అదనంగా 22 స్ట్రోకులు ఖర్చయ్యాయి. అవి ఎక్కడ పోయాయి? ఆ మొత్తం ఈ ప్రశ్నకు ఏమీ చెప్పదు. ఆటగాడి జ్ఞాపకాన్ని అడిగితే సరైన జవాబు రాదు. పద్దెనిమిదో గ్రీన్ మీద మూడడుగుల దూరంలో తప్పిన పట్ ఇంటికెళ్లాక కూడా గుర్తుంటుంది. ఆరో గుంత దగ్గర సగం దూరమే వెళ్లి ఆగిన అప్రోచ్ షాట్ కారు ఎక్కేసరికే మరుపున పడుతుంది. దాంతో మర్నాడు సాధన అంతా పటింగ్ గ్రీన్ మీదే జరుగుతుంది.

హ్యాండిక్యాప్ కూడా ఈ లోటు తీర్చదు. 2020 జనవరిలో అమల్లోకి వచ్చిన ప్రపంచ హ్యాండిక్యాప్ పద్ధతి ప్రకారం చివరి 20 రౌండ్లలో మెరుగైన 8 రౌండ్ల లెక్కలనే సగటు కడతారు. మైదానం ఎంత కష్టమైందో చెప్పే కోర్స్ రేటింగ్, స్లోప్ రేటింగ్ కూడా అందులో చేరతాయి. వేర్వేరు స్థాయుల ఆటగాళ్లు కలిసి న్యాయంగా పోటీపడటానికి ఇంతకంటే మంచి సాధనం గోల్ఫ్‌లో లేదు. కానీ అది ఆటగాడి మంచి రోజుల సగటు. 16 హ్యాండిక్యాప్ ఉన్నవాడు చాలా రోజులు అంతకంటే ఎక్కువే కొడతాడు. ఇద్దరి హ్యాండిక్యాప్ 16 అయినంత మాత్రాన ఇద్దరి జబ్బూ ఒకటి కాదు. ఒకరు డ్రైవర్‌తో బంతులు పోగొట్టుకుంటూ ఉండవచ్చు, మరొకరు గ్రీన్ చుట్టూ తడబడుతూ ఉండవచ్చు.

విడివిడిగా లెక్కపెట్టడం పాత అలవాటే. అమెరికా పీజీఏ టూర్ 1980 నుంచి అధికారికంగా గణాంకాలు ఉంచుతోంది. డ్రైవ్ దూరం, ఫెయిర్‌వేలు, గ్రీన్స్ ఇన్ రెగ్యులేషన్, పట్‌లు అందులోవే. గ్రీన్స్ ఇన్ రెగ్యులేషన్ అంటే పార్‌కు రెండు స్ట్రోకులు మిగిలి ఉండగానే బంతి గ్రీన్ మీదికి చేరడం: పార్ నాలుగు గుంతలో రెండో షాట్‌కు, పార్ ఐదులో మూడో షాట్‌కు. క్లబ్‌ల్లో దీన్ని జీఐఆర్ అంటారు. స్కోర్‌కార్డు మీద తమ లెక్క రాసుకునే ఆటగాళ్లలో చాలామంది నేటికీ రాసేవి మూడే గళ్లు: ఫెయిర్‌వే, జీఐఆర్, పట్‌లు.

ఈ మూడింటిలో పట్‌ల సంఖ్య అన్నిటికంటే ఎక్కువ తప్పుదారి పట్టిస్తుంది. ఒక ఆటగాడు 12 గ్రీన్‌లు సమయానికి చేరి 33 పట్‌లు వేశాడనుకుందాం. అతడి తోటివాడు నాలుగే గ్రీన్‌లు చేరాడు, మిగతా 14 చోట్లా పక్క నుంచి చిప్ చేసి బంతిని గుంతకు దగ్గరగా తెచ్చి, మొత్తం 28 పట్‌లతో ముగించాడు. కార్డు చూస్తే రెండోవాడే పట్టర్ పట్టడంలో మేటి అనిపిస్తాడు. అసలు సంగతి, మొదటివాడి తొలి పట్‌లు ముప్పై, నలభై అడుగుల నుంచి మొదలయ్యాయి, రెండోవాడివి ఐదారు అడుగుల నుంచి. దూరం రాయకుండా పట్‌లు లెక్కపెట్టడం, ఎన్ని బంతులు ఎదుర్కొన్నాడో చెప్పకుండా బ్యాట్స్‌మన్ పరుగులు మాత్రం చెప్పడం లాంటిది.

జీఐఆర్ సంగతి వేరు. కొలంబియా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన లూషియస్ రిచియో అనే ఇంజినీరు క్లబ్ ఆటగాళ్ల కార్డులు పోగేసి, వాటిలోంచి ఒక చిన్న సూత్రం తీశాడు. 1990ల తొలి ఏళ్లలో న్యూయార్క్ నగర రవాణా కమిషనర్‌గా పనిచేసిన మనిషి ఆయన. సూత్రం ఇదీ: 95లోంచి, చేరిన గ్రీన్‌ల సంఖ్యకు రెట్టింపు తీసేస్తే దాదాపు స్కోరు వస్తుంది. మూడు గ్రీన్‌లు చేరితే 89, ఎనిమిది చేరితే 79, పదమూడు చేరితే 69. ఒక్కో రౌండులో అటూ ఇటూ అయినా, చాలా రౌండ్ల సగటులో ఈ ముతక లెక్క ఆశ్చర్యపరిచేంత దగ్గరకు వస్తుంది. ఎనభై లోపు కొట్టాలని కలలుగనే ఆటగాడు మూడు నుంచి ఎనిమిది గ్రీన్‌లకు వెళ్లాలి, అంతే. ఏం చేయాలో ఇంత సూటిగా చూపించే అంకె గోల్ఫ్‌లో అరుదు.

అయితే చాలాకాలం గోల్ఫ్ లోకం నమ్మింది దీనికి ఎదురు మాట. డ్రైవ్ చూపరుల కోసం, పటింగ్ డబ్బు కోసం అన్న నానుడి దక్షిణాఫ్రికా ఆటగాడు బాబీ లాక్ పేరు మీద ప్రచారంలో ఉంది. ఆ నమ్మకానికి శాస్త్రం మద్దతు తెచ్చినవాడు డేవ్ పెల్జ్. నాసా గొడార్డ్ కేంద్రంలో పనిచేసి, ఉద్యోగం వదిలి ఆటగాళ్ల వెంట నోట్‌బుక్ పట్టుకుని తిరిగిన భౌతికశాస్త్రజ్ఞుడు. ఒక రౌండులో అరవై శాతం పైచిలుకు షాట్లు గుంతకు వంద గజాల లోపే జరుగుతాయి గనక సాధనా అక్కడే ఎక్కువ జరగాలన్నది ఆయన వాదం. పెల్జ్ పుస్తకాలు, శిబిరాలు ఒక తరాన్నంతా చిప్పింగ్ గ్రీన్‌ల వైపు నడిపించాయి. ఆ తరంవాళ్లు బాగుపడలేదనలేం. పొట్టి ఆటను నిర్లక్ష్యం చేసినవాళ్లకు అది నిజంగానే మందయింది.

వాదంలో ఒక మెలిక మాత్రం ఉంది. ఎక్కువసార్లు జరిగేదే ఎక్కువ ముఖ్యం కానక్కరలేదు. అడుగు దూరం పట్‌లు ప్రతి ఒక్కరూ ప్రతి రౌండులో ఎన్నో వేస్తారు, వాటిని ఎవరూ తప్పరు. అందరూ చేయగలిగినది ఎన్నిసార్లు జరిగినా ఒకరికీ ఇంకొకరికీ మధ్య తేడా తేదు. తేడా ఎక్కడ వస్తోందో తెలియాలంటే ప్రతి షాట్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియాలి. 1968లోనే బ్రిటన్‌లో అలస్టర్ కాక్రన్, జాన్ స్టాబ్స్ తమ పరిశోధనా గ్రంథంలో ఈ దిశగా ఆలోచించారు. టోర్నమెంట్‌లో షాట్లను గమనించి, దూరపు అప్రోచ్‌ల బరువు ఎంతో చూపించారు. వాళ్ల దగ్గర ఆలోచన ఉంది గాని, దాన్ని రుజువు చేయడానికి చాలినంత డేటా లేదు.

డేటా వచ్చింది 2000ల తొలి ఏళ్లలో. పీజీఏ టూర్ షాట్‌లింక్ అనే వ్యవస్థ పెట్టి, మైదానమంతా వాలంటీర్లను, లేజర్ పరికరాలను నిలిపి, ప్రతి ఆటగాడి ప్రతి షాట్ ఎక్కడ ఆగిందో నమోదు చేయడం మొదలుపెట్టింది. ఆ రాశిని చేతిలోకి తీసుకున్నవాడు కొలంబియా బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్ మార్క్ బ్రాడీ. ఆయన కట్టిన లెక్క పేరు స్ట్రోక్స్ గెయిన్డ్. పటింగ్‌కు సంబంధించిన లెక్కను టూర్ 2011లో అధికారికంగా స్వీకరించింది. 2014లో బ్రాడీ రాసిన ‘ఎవ్రీ షాట్ కౌంట్స్’ వెలువడింది. 2016 నుంచి టీ షాట్, అప్రోచ్, గ్రీన్ చుట్టుపక్కల ఆట, పటింగ్ అన్నిటికీ విడివిడి లెక్కలు టీవీ తెర మీదికి వచ్చాయి.

లెక్క లోతుగా ఉన్నా కిటుకు సులువే. టూర్ ఆటగాళ్లు ఎనిమిది అడుగుల పట్‌ను సగంసార్లు వేస్తారు, కాబట్టి అక్కడి నుంచి వాళ్ల సగటు 1.5 స్ట్రోకులు. ఒక్క పట్‌తో వేసినవాడు అర స్ట్రోకు సంపాదించినట్టు, రెండు తీసుకున్నవాడు అర స్ట్రోకు పోగొట్టుకున్నట్టు. 33 అడుగుల నుంచి సగటు సరిగ్గా 2. అక్కడ రెండు పట్‌లు వేస్తే లాభమూ లేదు, నష్టమూ లేదు. ఇదే ఊహను మైదానమంతా విస్తరించండి. 400 గజాల గుంతను టూర్ ఆటగాడు టీ నుంచి సగటున 3.99 స్ట్రోకుల్లో ముగిస్తాడు. డ్రైవ్ 300 గజాలు వెళ్లి ఫెయిర్‌వేలో ఆగితే, మిగిలిన 100 గజాలకు సగటు 2.80. రఫ్‌లో ఆగితే 3.02. చెట్ల వెనక చిక్కుకుని పక్కకు తీయాల్సి వస్తే 3.80. కొట్టిన స్ట్రోకు ఒకటి తీసేసి చూస్తే మొదటి డ్రైవ్ 0.19 సంపాదించింది, రెండోది 0.03 పోగొట్టింది, మూడోది ఏకంగా 0.81 పోగొట్టింది. ఫెయిర్‌వే గడిలో మాత్రం రెండోదీ మూడోదీ ఒకే ‘తప్పింది’ గుర్తుతో కూర్చుంటాయి. వింగ్డ్ ఫుట్‌లో జరిగినదేమిటో ఈ మూడు అంకెల్లో అర్థమవుతుంది.

బ్రాడీ తేల్చిన పెద్ద విషయం: మేటి ఆటగాళ్లకూ సగటు టూర్ ఆటగాళ్లకూ మధ్య తేడాలో దాదాపు మూడింట రెండు వంతులు వంద గజాల అవతలి షాట్లలో వస్తోంది, పటింగ్ వాటా 15 శాతం దగ్గర. టైగర్ వుడ్స్ అద్భుతమైన పట్‌లు లోకానికి గుర్తుండిపోయాయి గాని, అతడి ఆధిక్యంలో పెద్ద భాగం అప్రోచ్ షాట్లదే. తొంభై కొట్టే క్లబ్ ఆటగాడికీ ఎనభై కొట్టేవాడికీ మధ్య తేడా కూడా ఇంచుమించు ఇదే నిష్పత్తిలో పంచుకుంటుందని బ్రాడీ డేటా చూపించింది. పెల్జ్ సూక్ష్మంగా చూసిన మనిషే. కానీ ఈ వివాదంలో న్యాయం బ్రాడీ పక్షాన ఉంది.

అంతమాత్రాన ప్రతి ఒక్కరూ పట్టర్ పక్కనబెట్టి డ్రైవింగ్ రేంజ్‌కు పరిగెత్తాలని కాదు. సగటు లోకానికి వర్తిస్తుంది, వ్యక్తికి కాదు. స్కాటీ షెఫ్లర్ 2023లో టీ నుంచి గ్రీన్ దాకా టూర్ మొత్తంలో మొదటివాడు, పటింగ్‌లో 162వ వాడు. అతడికి మందు ఎక్కడ అవసరమో ఆ రెండు అంకెలు పక్కపక్కన పెడితే చాలు. ఫిల్ కెన్యన్ అనే పటింగ్ కోచ్ దగ్గర చేరాడు, 2024 మార్చిలో మ్యాలెట్ రకం పట్టర్‌కు మారాడు, అదే నెలలో రెండు టోర్నమెంట్లు, ఏప్రిల్‌లో మాస్టర్స్ గెలిచాడు. పటింగ్‌లో అతడు ఆ ఏడాది మేటి అయిపోలేదు, టూర్‌లో మధ్యస్థాయికి చేరాడు. ఆ మాత్రానికే ప్రపంచంలో ఎవరికీ అందకుండా పోయాడు.

ఇంగ్లండ్ ఆటగాడు మ్యాట్ ఫిట్జ్‌పాట్రిక్‌ది సరిగ్గా తిరగేసిన కథ. కుర్రవాడిగా ఉన్నప్పటి నుంచీ పోటీల్లో తాను కొట్టిన ప్రతి షాట్‌నూ రాసిపెట్టుకున్నవాడు. పొట్టి ఆట, పటింగ్ చక్కగా ఉన్నాయి, దూరమే చాలడంలేదని లెక్కలు చెప్పాయి. క్లబ్ వేగం పెంచే శిక్షణ పట్టుదలగా చేశాడు. 2022లో బ్రూక్లైన్‌లో యూఎస్ ఓపెన్‌ను ఒక్క స్ట్రోకు తేడాతో గెలిచాడు, ఆ ఒక్క స్ట్రోకు వెనకబడ్డ ఇద్దరిలో షెఫ్లర్ ఒకడు. మన అదితీ అశోక్ 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లింది, పతకం ప్లేఆఫ్‌కు ఒక్క స్ట్రోకు దూరంలో ఆగింది. డ్రైవ్ దూరంలో అరవై మందిలో దాదాపు అట్టడుగున ఉన్న ఆమెను అంతదూరం మోసుకెళ్లింది పట్టరే. ముగ్గురివీ మూడు జాతకాలు. ఒకరి మందు ఇంకొకరికి పనికిరాదు.

మామూలు ఆటగాడి దగ్గర లేజర్లూ వాలంటీర్లూ ఉండరు. క్లబ్ గ్రిప్‌లో పెట్టే సెన్సర్లు, షాట్‌ను తనంతట తానే గుర్తుపట్టే గడియారాలు మార్కెట్లోకి వచ్చాయి. కొనగలిగినవాళ్లకు అవి మంచి పనిముట్లే. కానీ కార్డులో ఖాళీగా ఉండే వరసలు, ఒక పెన్సిల్ ఉంటే పనిలో చాలా భాగం జరిగిపోతుంది. టీ షాట్‌కు ‘ఫెయిర్‌వే తగిలిందా’ అని కాక ‘గ్రీన్ వైపు మామూలుగా ఆడగలిగే చోట ఆగిందా’ అని రాసుకోవాలి. పక్కకు తీయాల్సి వస్తే ఒక గుర్తు, పెనాల్టీ పడితే ఇంకో గుర్తు. తప్పిపోయిన బంతికి ఒక స్ట్రోకు శిక్షతో పాటు వెళ్లిన దూరం కూడా పోతుంది. బండరాళ్ల మధ్య, నీటి మడుగుల పక్కన ఆడే మన మైదానాల్లో తొంభై పైన కొట్టేవాళ్ల నష్టంలో ఇదే పెద్ద పద్దు.

అప్రోచ్‌కు జీఐఆర్ రాసుకుంటూ, తప్పితే ఎటు తప్పిందో ఒక అక్షరం చేర్చాలి. పది రౌండ్లయ్యాక ఆ గడిలో ‘ముందే ఆగింది’ అన్నది ఎక్కువగా కనిపిస్తే ఆశ్చర్యపోనక్కరలేదు. క్లబ్ ఆటగాళ్లలో అత్యధికులు గ్రీన్‌ను దాటించి తప్పరు, చేరకముందే తప్పుతారు. తమ 7 ఐరన్ ఎంత దూరం వెళ్తుందో చెప్పమంటే ఎప్పుడో ఒకసారి వెళ్లిన గరిష్ఠ దూరాన్ని చెబుతారు. దానికి మందు స్వింగ్ మార్చడం కాదు, బ్యాగ్‌లోంచి ఒక క్లబ్ ఎక్కువ తీయడం. గోల్ఫ్‌లో ఇంత చవగ్గా దొరికే లాభం మరొకటి లేదు.

పట్‌ల గడిలో అంకెతో పాటు తొలి పట్ దూరాన్ని అంగల్లో రాసుకుంటే ఆ గడి ఒక్కసారిగా పనికొచ్చేదవుతుంది. పదకొండు అంగల దూరం నుంచి మూడు పట్‌లు పడితే దూరం అంచనా వేయడంలో లోపం, రెండు అంగల నుంచి పదేపదే తప్పుతుంటే గీత పట్టడంలో లోపం. రెండింటికీ సాధన వేరు. ఇదీ బరువనిపించినవాళ్లకు అమెరికా కాలేజీ జట్లలో ‘టైగర్ ఫైవ్’ పేరుతో వాడే పద్ధతి ఉంది. డబుల్ బోగీలు, పార్ ఐదు గుంతల్లో బోగీలు, మూడు పట్‌లు, 9 ఐరన్ లేదా అంతకంటే పొట్టి క్లబ్ చేతిలో ఉండగా వచ్చిన బోగీలు, సులువైన చిప్ నుంచి కాపాడుకోలేకపోయిన పార్‌లు. రౌండయ్యాక ఈ తప్పులు ఎన్నో లెక్కపెడితే చాలు. మంచి షాట్లను పెంచుకోవడం కంటే చెడ్డవాటిని తగ్గించుకోవడం మీద చూపు నిలిపే పద్ధతి ఇది.

తొందరపాటు ఒక్కటే ఈ పనిని చెడగొడుతుంది. ఎనిమిది అడుగుల పట్‌ను సగంసార్లు వేసే నైపుణ్యం నిజంగానే ఉన్న ఆటగాడు పది ప్రయత్నాల్లో ఎన్ని వేస్తాడు? సంభావ్యత లెక్క ప్రకారం పదింట తొమ్మిది సందర్భాల్లో మూడు నుంచి ఏడు వరకు ఎన్నయినా పడవచ్చు. అంటే ఒక ఆదివారం మూడు, మరుసటి ఆదివారం ఏడు పడ్డా అతడి చేతిలో ఏమీ మారలేదు. ఒక్క రౌండు చూసి పట్టర్ మార్చేవాడు అదృష్టాన్ని నైపుణ్యమనుకుంటున్నాడు. హ్యాండిక్యాప్‌కు 20 రౌండ్లు చూడటం వెనక ఉన్న వివేకమే ఇక్కడా కావాలి. పది రౌండ్లకు ముందు ఏ నిర్ణయానికీ రాకపోవడం మంచిది.

నిజాయితీ లేని లెక్క మరీ ప్రమాదం. స్నేహితుల ఫోర్‌బాల్‌లో మూడడుగుల పట్‌ను ‘గిమ్మీ’ అని వదిలేయడం మర్యాద. కానీ టూర్ ఆటగాళ్లు సైతం ఆ దూరం నుంచి నూటికి నాలుగుసార్లు తప్పుతారు, ఐదడుగుల నుంచి ఇరవై మూడుసార్లు. గిమ్మీలు, మొదటి టీ మీది మల్లిగన్‌లు కలిసిన కార్డులోంచి తీసే సగటు ఎవరి ఆటనూ చూపించదు. ఈ విషయంలో తెలుగువాళ్లు గర్వంగా చెప్పుకోదగ్గ పేరు ఒకటుంది. హైదరాబాద్ మూలాలున్న కుటుంబంలో కాలిఫోర్నియాలో పుట్టిన సాహిత్ తీగల 2023లో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచి పీజీఏ టూర్ విజేత అయ్యాడు. 2024లో టూర్ ఛాంపియన్‌షిప్ మూడో రౌండులో బంకర్‌లో వెనక్కి ఎత్తుతుండగా తన క్లబ్ ఇసుకను తాకిందని తనంతట తానే అధికారులకు చెప్పి రెండు స్ట్రోకుల శిక్ష వేయించుకున్నాడు. చివరికి మూడో స్థానంలో నిలిచాడు. రెండో స్థానానికి తేడా సరిగ్గా రెండు స్ట్రోకులు.

హైదరాబాద్‌లో, విశాఖలో పిల్లలకు గోల్ఫ్ నేర్పే కోచ్‌లు మొదటి నెల నుంచే కార్డు మీద ఈ మూడు గళ్లు రాయించాలి, క్యాడీల మాట కూడా వినిపించాలి. ఎవరి బంతి ఎటు తప్పుతుందో ఆటగాడి కంటే ముందే వాళ్లకు తెలుస్తుంది. పెద్దవాళ్లకు చెప్పాల్సింది ఒక్కటే. కొత్త డ్రైవర్ కొనే ముందు, పట్టర్‌ను తిట్టే ముందు, చివరి పది రౌండ్ల కార్డులు ముందేసుకుని కూర్చోండి. పెనాల్టీ గుర్తులు ఎక్కువగా ఉంటే ఇరుకు గుంతల్లో డ్రైవర్ తీయకండి. అప్రోచ్‌లు ముందే ఆగుతుంటే వచ్చే ఆదివారం ఒక క్లబ్ ఎక్కువ తీసుకోండి.